మూడో కొలిమి గీత

క్విరిలా నది నల్లగా పారే చోట
లామారా ఇరవై రెండేళ్లు గాలిని చేత్తో మోసింది.
కొలిమి పనివాళ్ల కాలర్లకు చిన్న పంపులు తగిలించి
సాయంత్రం వడపోత బిళ్లలు విప్పి
రూళ్ల పుస్తకంలో ఎక్కించి
ఎదురుగా వాళ్లచేత సంతకం పెట్టించి
బస్సులో రాజధానికి పంపేది.
జవాబు వచ్చేసరికి
ఆ గాలి ఎవరి రొమ్ములోనో ఇల్లు కట్టుకుని ఉండేది.

ఇప్పుడు స్తంభానికొక తెల్ల డబ్బా, అరచేయంత.
నిమిషానికోసారి ముక్కు ఎగబీల్చి
దుమ్మెంతో చెబుతుంది.
కొంత దూరం తీగ మీద, ఆపైన తీగ కూడా లేకుండా
అంకెలొచ్చి నాలుగో అంతస్తులో ఆమె తెర మీద వాలతాయి.
కిటికీ తెరవకుండానే తెలుస్తుంది
కింద ఎవరు లోహం పోశారో.

ఒకటో కొలిమి గీత రంపం పళ్లు.
రెండోది ఉలిక్కిపడే పిల్లి.
మూడోది మాత్రం
మంగళవారం రాత్రి రెండు నుంచి నాలుగు దాకా
ఇస్త్రీ చేసినట్టుంది.
గురువారమూ అంతే.
కొలిమి పక్కన గాలి అంత బుద్ధిమంతురాలు కాదు.

మేనేజరు పనే అనుకుంది.
అలా అనుకోవడం హాయి.
మెట్లు దిగి చూస్తే
డబ్బా ముక్కుకు తడి చేతితొడుగు,
పక్కన ఓతార్.

"ఎర్ర దీపం వెలిగితే కొలిమి ఆపుతారు.
ఆగిన గంటలకి జీతం లేదు.
నీ డబ్బాకి ఊపిరాడకపోతేనే
నాకు పూట గడుస్తుంది, లామారా."

ఆమె తిట్టలేదు.
అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి
తనిఖీ అయినట్టు సంతకం పెట్టమంది.
గుండ్రటి అక్షరాలు చీమల బారులా మొదలై
చివరికి నువ్వుగింజలో దూరాయి.

పాత పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి.
రాత్రంతా వెనక్కి తిప్పింది.
ఐదేళ్ల కిందట వేలెడు.
పదిహేనేళ్ల కిందట
గడి దాటి పక్కవాడి గడిలోకి కాళ్లు జాపిన పేరు.

ఏ డబ్బా కొలవనిది
ఇన్నేళ్లూ ఆమె కళ్లెదుటే
సన్నబడుతూ
సంతకం పెట్టింది.

తెల్లవారాక
ఒకే మనిషివి పదిహేను సంతకాలు స్కాన్ చేసి,
తేదీల వరసలో పేర్చి,
కొలిమి ఆగినా జీతం ఆగకూడదని కింద ఒక్క వాక్యం చేర్చి,
అంకెలు వచ్చే ఆ దారినే పంపింది.
విషయం అన్న చోట
ఏం రాయాలో తోచక
చాలాసేపటికి
"గాలి" అని రాసింది.