లాభం, రెండు

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దుమ్ము
వాని అంగికి అంటుకోని మా ఇంటిదాక వస్తది.
యాకూబ్ ఇంకా గల్లీ మలుపుల ఉండంగనే
మంచంల నాకు తుమ్ము.

ఇరవై రెండేండ్లు ఆ దుమ్ములనే బతికినోన్ని,
ఒక్కనాడు తుమ్మలే.
ఏడు నెలలు ఇంట్ల పండుకునేసరికి
ముక్కు సుత పరాయిదైంది.

మాఘమాసంల జారిన.
భుజం మీద తేజ బస్తా, నలభై కిలోలే,
పెద్ద బరువేం గాదు,
పెండ్లికి పోయేటోని లెక్క మోసేటోన్ని.
లారీకేసిన పలక మంచుకు తడిసున్నది.
అంతే. ఇంకేం కథ లేదు దాంట్ల.

ఎంజీఎం దవాఖాన్ల డాక్టరు
ఎక్స్‌రే ఎత్తి వెల్తురుకు పట్టి
నా నడుమును నాకే చూపిచ్చిండు,
గోడ కూలినోనికి ఇటికలు చూపిచ్చినట్టు.

చూడొచ్చినోళ్లందరు బత్తాయిలిచ్చి
ధైర్యం చెప్పిపోయిండ్రు.
బత్తాయిలు పిల్లలు తిన్నరు.
ధైర్యం కిటికీల అట్లనే ఎండిపోయింది.

యాకూబ్ ధైర్యం చెప్పడు.
మంచం పట్టె మీద కూసోని రేటు చెప్తడు.
చపాట ఇయ్యాల ఎంతకు పోయింది,
ఏ అడ్తిదారు ఎవన్ని తిట్టిండు,
వర్ధన్నపేట రైతొకాయన కుప్ప మీదనే ఒరిగి
గురక పెడ్తుంటే, అది ఎక్కువ పాట అనుకోని
గుమస్తా రాసుకున్నడట.

నవ్వియ్యకురా, నడుము నొస్తదంటే
"నొయ్యనీ కొమ్రెల్లీ,
నొచ్చిందంటే దారం ఇంకా తెగలేదన్నట్టే" అంటడు.

ఒకనాటి రాత్రి వానికి చెప్పేసిన.
తొడిమెలు తీసి తీసి మండే చేతులు
తడిగుడ్డల చుట్టుకోని సారమ్మ నిద్రపోయినంక,
మెల్లగ.
"ఇగ నేను పోతేనే మంచిదిరా,
ఈ ఇంటి మీదికెల్లి ఒక బస్తా దిగుతది."

మాట ముగియకముందే తుమ్మొచ్చింది.

యాకూబ్ చెయ్యెత్తిండు.
"ఆగు.
పోతననంగ తుమ్మితే ఆగాలె గద మీకు."
"నువ్వు నమ్ముతవారా ఇవన్నీ?"
"నేన్నమ్మ. నువ్వు నమ్ముతవ్ గద.
జరసేపు ఉండు. నీళ్లు తాగు."

చెంబు నోటికి పెట్టిండు.
చీకట్ల నేను తాగుతున్ననో ఏడుస్తున్ననో
వాడు చూడలే.
చూసినా ఎన్నడు చెప్పలే.

తెల్లారి నా కొక్కెం తెచ్చి గోడ మొలకు తగిలిచ్చిండు.
"మార్కెట్ల తుప్పు పడ్తున్నది,
రోజు నూనె పెట్టు" అన్నడు.
రోజు పెడ్తున్న.
ఇంట్ల ఇంకెవ్వలకు చేతగాని పని ఒకటి
మల్ల నా చేతికొచ్చింది.

ఇయ్యాల పొద్దుగూకంగ నన్ను నిలబెట్టిండు.
చంకకింద చెయ్యేసి
కాంట కాడ బస్తాలు లెక్కవెట్టే గొంతుతోని
మొదటి అడుగుకు అన్నడు:
"లాభం."

మా తాతలు కుంచాలతోని గింజలు కొలిచిన నాటికెల్లి
ఒకటిని ఎవ్వలూ ఒకటి అనలే.

రెండు.
మూడు. గోడ పట్టుకున్న.
నాలుగు.
ఐదుకు చెమట.
ఆరుకు సారమ్మ వంటింటి తలుపు కాడ
కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఆ తర్వాతి అంకె మా వోళ్ల నోట్లకు రాదు.
దాంట్ల ఏడుపున్నదని
కొలిచేటోళ్లెవ్వరు దాన్ని పిలువరు.
"ఆరున్నొక్కటి" అన్నడు యాకూబ్,
ఆ ఒక్కటిని జర సాగదీసి.

ఎనిమిది కాడ గడప.
కాలెత్తిన.
తుమ్మొచ్చింది.

ఇద్దరం ఆగినం. ఒకని మొఖం ఒకడు చూసుకోని
పగలబడి నవ్వినం.
నడుము మస్తు నొచ్చింది.

"ఇగ కూసో" అన్నడు అంగి దులుపుకుంట,
"రేపు మల్ల లాభం కాడికెల్లి."