ఊపిరితోనని చెప్పలేదు

చిటింబ ఒడ్డున, సరస్సు మీద గాలి తిరగబడ్డ రాత్రి
న్యాఉహాంగో మోకాటి లోతు నీళ్లలో నిలబడి
అరిచింది. నేను విన్నాను.
"తమ్ముణ్ణి ఒడ్డుకు చేరిస్తే, ప్రభువా,
ఈ చీకటి పక్షం నా వలలో పడ్డ ఉసిపా అంతా నీదే.
ఒక్క చేప దాచుకోను."

మూడో పొద్దున లుసుంగు ఒడ్డుకు చేరాడు,
ఇసుకలో ముఖం పెట్టుకుని.
ఆ పేరుకు మా మాటలో అర్థం కరుణ.

మట్టి చేసిన మర్నాడు సంఘపెద్దలం వెళ్లాం.
"షరతు తీరలేదు తల్లీ, మొక్కు నిన్ను కట్టదు."
పాస్టరుగారూ తలూపారు.
ఆమె లాంతరు గాజు తుడుస్తూనే ఉంది.
"ఒడ్డుకన్నాను. ఊపిరితోనని చెప్పలేదు.
తొందరలో నేను వదిలేసిన మాటను
ఇప్పుడు ఆయన బాకీలో రాయమంటారా?"

కోపంగానే అంది.
ఆ కోపంతోనే పద్నాలుగు రాత్రులు పడవ తోసింది,
తమ్ముడి తెడ్డు తానే పట్టి.
గుడిలో పాట అందుకోలేదు,
ప్రార్థనకు కళ్లు మూయలేదు.
ఎండు చేపల బుట్టలు మాత్రం
తెల్లారేసరికి గుమ్మంలో ఉండేవి.

పెట్టె తాళం నాది. డబ్బు లెక్కపెట్టింది నేనే.
పైకప్పుకు పన్నెండు రేకులొచ్చాయి.

నిరుడు నా బిడ్డ జ్వరానికి మేకను మొక్కాను.
జ్వరం దిగింది.
మేక ఇంకా నా పెరట్లోనే ఉంది, రెండు పిల్లలతో.

ఇవాళ వాన.
ఆ రేకుల మోతలో ప్రసంగం ఒక్క ముక్క వినబడదు.
ముందు బల్ల మీద ఆమె, కళ్లు తెరుచుకునే ఉంది.
నేను మధ్యలోనే లేచాను,
పలుపు ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకుంటూ.