ఎఫ్ పట్టు

ఏరియేటర్లు నాలుగు.
రాత్రి తొమ్మిదికి వేస్తాను,
తెల్లారి అయిదుకి ఆపుతాను.
మధ్యలో ఎనిమిది గంటలు
రొయ్యల చెరువు గట్టున నేనూ, నులక మంచమూ,
ఎలకలు కొరికిన మేత బస్తాలూ,
ఇదిగో, ఈ గిటారూ.

నరసాపురంలో కుట్టు మిషన్లు బాగుచేసే కొట్లో
మూల నించోబెట్టి ఉంటే కొన్నాను.
పద్ధెనిమిది వందలన్నాడు.
మెడ వంకరుందంటే పదమూడుకి దిగాడు.
నలభై మూడేళ్ళకి ఇదేం బుద్ధని మా ఆవిడ
మూడు రోజులు కూరలో ఉప్పు వెయ్యలేదు.

పాఠం చెప్పేది ప్రభుదాసు.
పంటు మీద టిక్కెట్లు చింపుతాడు,
ఇంకా ఇరవై నిండలేదు.
గురువుగారూ అంటే చెవులు ఎర్రబడతాయి.
ఇల్లు ఇవతల, చెరువు సఖినేటిపల్లి వైపు,
గోదారి ఎంత వెడల్పో నా పాఠం అంత.
పోటు మీదుంటే ఇంకాస్త పొడుగు.
టిక్కెట్ల సంచీ వీపుకి తిప్పుకుని
మోటారు సైకిళ్ళ మధ్య గొంతుక్కూచుని
నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టి తీగ మీద పెడతాడు,
పలక మీద ఓనమాలు దిద్దించినట్టు.

సీ వచ్చింది. జీ వచ్చింది.
ఏ మైనరు దానంతటదే వచ్చి కూచుంది.
ఎఫ్ దగ్గర పడవ ఇసకెక్కింది.
చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా దిగాలి,
కాలవ లాకుల దగ్గర తలుపు దిగినట్టు.
చుక్క కారకూడదు.
నాకు కారుతుంది.

"బలం కాదండి, ఆయ్," అంటాడు ప్రభుదాసు.
బలం కాకపోతే మరేంటో చెప్పేలోపు
రేవొచ్చేస్తుంది.

దీనమ్మ పిన్ని యాభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది.
నా చెయ్యి చూసి నవ్వింది.
"తీగని బెదిరిస్తున్నావేంట్రా?
బిగబడితే ముడి, వదిలేస్తే చిక్కు.
నువ్వున్నావని దానికి తెలిస్తే చాలు."
తన వేలి పక్కన గాడి చూపించింది,
దారం నడిచిన దారి.
అల్లికలు లెక్కపెట్టడం మానేసిన రోజున చెయ్యి కుదిరిందట.
ఏ రోజంటే
ఏమో, వంటలో ఉన్నానేమో అంది.

ఉప్పుగాలికి తీగలు తుప్పెక్కుతాయి.
కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తాను.
వేళ్ళ కొసల్లో ముందు బొబ్బలు, తర్వాత పొరలు.
ఇప్పుడు రొయ్య ముల్లు దిగినా
ఎడం చేతికి కబురందదు.

వైశాఖానికి వచ్చేసిందనుకున్నాను.
సీ, ఎఫ్, సీ, జీ.
చక్రాలు నీళ్ళని తప్ తప్ మని కొడుతుంటే
ఆ తాళానికి తప్పు లేకుండా
వాయించేస్తున్నాననే అనుకున్నాను.

ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
నాలుగు చక్రాలూ నీరసించి, నిలబడిపోయాయి.
చెయ్యి ఆగలేదు, అలవాటు.
అప్పుడు విన్నాను.

అది ఎఫ్ కాదు.
అగ్గిపెట్టెలో పెట్టిన తుమ్మెద.
ఏడు నెలలుగా ఏరియేటర్ల చప్పుడు
ఇరుగమ్మలా నా తప్పు కప్పుతూ వచ్చింది.
నేనేమో మెచ్చుకుంటోందనుకున్నాను.

కూచుని బాధపడే తీరిక లేదు.
గాలందకపోతే రొయ్యలు పైకి తేలతాయి.
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
జనరేటరు హేండిలు తిప్పాను.
ఒకటి. రెండు.
మూడోసారి దగ్గి, అందుకుంది.
చేతుల నిండా డీజిలు.
ఆ రాత్రికి గిటారు ముట్టుకోలేదు.
డీజిలు వల్లే అని చెప్పుకున్నాను.

ఇప్పుడు పద్ధతి మార్చాను.
స్విచ్చులు వెయ్యకముందు అరగంట,
కప్పలు కూడా ఇంకా మొదలెట్టని వేళ,
చెక్కకి దవడ ఆనించి
ఒక్కో తీగే మీటి చూస్తాను.
ఆరు పలుకుతుంది. అయిదు, నాలుగు, మూడు.
రెండోది మూగ.
వేలి కణుపు గీత సరిగ్గా దాని మీదే పడుతోంది.
వెంట్రుకవాసి పక్కకి దొర్లించాలి.
ఆ వెంట్రుకకి నెలన్నర పట్టింది.

నిన్న పంటు మీద ఎఫ్ పట్టి చూపించాను.
ఇంజను మోతలో ఏం వినపడుతుంది?
ప్రభుదాసు వంగి చెక్కకి చెవి పెట్టాడు.
ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి.
పాల క్యాన్ల అతను కూడా మెడ సాచాడు.

"అయిదున్నరండి," అన్నాడు లేస్తూ,
"ఆరుకి."

టిక్కెట్టు డబ్బులు మాత్రం
పూర్తిగా తీసుకున్నాడు.