నీళ్ల రోజు

మా బిల్డింగుకి మూడే అంతస్తులు.
లిఫ్టు లేదు. అందుకని
అందరి మోకాళ్ల సంగతీ అందరికీ తెలుసు.
మెట్ల మీద ఎవరెక్కడ ఆగుతారో
కళ్లు మూసుకుని చెప్పగలను.
సబీహా ఆపా మొదటి మలుపు దగ్గర,
కూరగాయల సంచి చేయి మార్చుకుంటూ.
నేను రెండో మలుపులో,
ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ.

మూసారాంబాగ్‌లో మా గల్లీకి
రోజు విడిచి రోజు నల్లా.
తెల్లవారుజామున నాలుగుంబావుకి
ముందు పైపుల్లో గాలి దగ్గుతుంది.
తర్వాత సంపులో ఒక చుక్క, ఒక ధార,
ఆపైన గోడల్లోంచి సన్నగా ఒక హోరు.
ఆరిళ్ల లైట్లు వెలుగుతాయి.
మోటర్ వేసే వంతు ఎవరిదో
మీటర్ల డబ్బా మీద సుద్దముక్కతో రాసుంటుంది.

"పోటొచ్చీసిందర్రా!"
నూటొకటి తలుపు తీసి పోలమ్మ కేక.
భీమిలి మనిషి.
మునిసిపాలిటీ కొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది,
జుట్టుకి ఎప్పుడూ బ్లీచింగు వాసన.
ఇక్కడ సముద్రం లేదు కదా అని ఎవరైనా జాలిపడితే
"ఎందుకు లేదు, పైపుల్లో పెట్టీసారు" అంటుంది.

నవ్వేదాన్ని,
నాలా పొంగి సెల్లార్లోకి వచ్చిన రాత్రి దాకా.
ఖాళీ సిలిండర్లు తేలాయి. చెప్పులు తేలాయి.
స్కూటర్లు ఒక్కొక్కటే ఒరిగి మునిగాయి.
వాచ్‌మన్ లచ్చిరాం గదిలో, అటక మీద,
పొదుగులో కూర్చున్న కోడి ఒకటుందని
అప్పుడు గుర్తొచ్చింది వాడికి.

మెట్ల మీద గుంపుగా నిలబడ్డాం
అసోసియేషన్ తీర్మానం కోసం చూస్తున్నట్టు.
"మెయిను తీసారా?" అంది పోలమ్మ.
సబీహా ఆపా తీసింది.
చీకట్లో నీళ్లు చీలిన చప్పుడు.
అంతే.
నేను అంకెలు లెక్కపెట్టాను.
రెండు వందల పది దగ్గర
లచ్చిరాం టార్చి వెలుగులో
ఛాతీ లోతున నడిచొచ్చింది,
తల మీద గంప, గంపలో కోడి.
కోడి కదల్లేదు.
అసలు మమ్మల్ని లెక్కే చేయలేదది.

మెట్టు మీద కూర్చుని చీర చెంగు పిండుకుంటూ
"ఇది మా సముద్రం కాదు, కంపు కొట్టేస్తంది" అంది.
కొంతసేపటికి, ఎవరూ అడక్కుండానే,
"కానీ లాగుతంది. అదే లాగుడు."

నీళ్లు పోయాక గోడ మీద గీత మిగిలింది,
నా భుజాల ఎత్తున, టీ మరక రంగులో.
రెండుసార్లు సున్నం వేయించాం.
ఖర్చు పద్దు నా చేతిరాతలోనే ఉంది.
ముసురు పడితే మళ్లీ బయటికొస్తుంది.
పదమూడు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి.
వాటిలో ఒకటి, ఇప్పుడు పుంజు,
మూడో అంతస్తు దాకా ఎక్కొచ్చి
నా గడప ముందు రెట్ట వేసి పోతుంది.
ఈ ఇంట్లో మోకాళ్ల నొప్పి లేనిది దానికొక్కదానికే.

రేపు నీళ్ల రోజు. వంతు నాది.
అలారం పెట్టుకోలేదు.
దిండు అటు నుంచి ఇటు మార్చి
తల పైపు వైపు పెట్టుకున్నాను.