ఉత్తరపు వసారా

మంగళవారం, శుక్రవారం
తొమ్మిదిన్నరకి చర్చి తలుపు నేనే తీస్తాను.
తాళంచెవి జానెడుంటుంది, మొరాయిస్తుంది.
కొంచెం పైకెత్తి ఎడమకి తిప్పాలని
హెస్టర్ పెడ్రిక్ నేర్పింది,
ఆమెకి వాళ్ళ పెదనాన్న నేర్పాడట.

సెడ్జ్‌కోట్‌లో పోస్టాఫీసు మూసేశాక
తూకాన్నీ, స్టాంపుల్నీ, నన్నూ
తెచ్చి ఈ ఉత్తరపు వసారాలో పెట్టారు.
ఉత్తరాలకి ఉత్తర దిక్కు!
ఈ సోమర్‌సెట్‌లో ఈ చమత్కారం ఎవరికి చెప్పను,
నాలో నేనే నవ్వుకుంటాను.

నా పక్కన రాతి యోధుడు పడుకుని ఉంటాడు.
ముక్కు లేదు.
రాజుకీ సభకీ చెడిన రోజుల్లో
ఎవరో సిపాయి సుత్తితో కొట్టాడట.
పింఛను వరసలో వాళ్ళు
చేతిసంచులు అతని పొట్టమీద పెడతారు.
ఇంతవరకూ కాదనలేదు.

వానొస్తే కప్పు మూడుచోట్ల కారుతుంది.
సీసపు రేకులు రెండుసార్లు దొంగలెత్తుకుపోయారు.
పాస్టరమ్మ ఏడూళ్ళకి ఒక్కతే,
మా వంతు నెలకో ఆదివారం.
వచ్చేది తొమ్మిదిమంది, కుక్కతో పది.

అద్దాల పెట్టెలో పాత రిజిస్టరు.
తెరిచి ఉన్న పేజీలో ఒక వరస:
"పరదేశి స్త్రీ. పేరు తెలియదు. మంచులో దొరికింది.
ఖర్చు ఊరిది."
ఆ చివరి రెండు మాటల దగ్గర
రోజూ కాసేపు ఆగుతాను.

మొన్న నవంబరులో ఏటిగట్టు తెగిన రాత్రి
మిట్టమీద మిగిలింది ఇదొక్కటే.
నలభైమందిమి, రెండు మేకలు, ఒక చంటిపిల్ల.
మోకాళ్ళకింద వేసుకునే మెత్తలు
తలలకింద పెట్టుకున్నాం.
ఒక్కోదానిమీద ఒక్కో చేతి కుట్టు:
ఆపిల్ కొమ్మ, చేప,
ఎవరి కొడుకుదో పటాలం గుర్తు.
నాకు కొంగ దొరికింది.
తెల్లారేసరికి నా చెంపమీద దాని ముక్కు అచ్చు.
పైన ఎవరో గంట కొడుతూనే ఉన్నారు,
ప్రార్థనకి కాదు,
చీకట్లో పడవలకి మా జాడ తెలియాలని.

ఇప్పుడు హెస్టర్‌కి చూపు ఆనడంలేదు.
సూది నా చేతిలో పెట్టింది,
నీకు తోచింది కుట్టమంది.
నేను చర్చి మనిషిని కాను,
మోకరిల్లడం రాదు అన్నాను.
"దిండుకి మోకాళ్ళతో పనేముంది" అంది.

పార్సిలుకీ పార్సిలుకీ మధ్య
ఒక్కో పోగు లాగుతున్నాను.
ఏం వేస్తున్నావని అందరూ వంగి చూస్తారు.
పేరు తెలియని ఆమె ముఖం నాకూ తెలియదు కదా,
ముందు మంచంతా కుట్టేస్తున్నాను.
తెల్లదారం చాలడంలేదు.