ఎక్కు చీటీలు

కొత్తరోడ్డు వెనక, మేడమీది పఠనాలయంలో
నాకప్పజెప్పిన పని ఒకే ఒక్క క్రియ.
నిఘంటువు వాళ్లు ముందే పంచేసుకున్నారు:
ఒకరికి ‘పడు’, ఒకరికి ‘కట్టు’,
శ్రీకాకుళం మేష్టారికి ‘దిగు’,
చివర మిగిలిన ‘ఎక్కు’ నాకు.
చీటీకి మూడు రూపాయలు.
అచ్చులో ఉన్నదే లెక్క.

పాత పత్రికల కట్ట విప్పితే ముందు ఉప్పు వాసన.
ఈ సముద్రం ఇనుముతో ఆగదు,
విభక్తుల్ని కూడా తింటుంది.
‘కి’ ఉండాల్సిన చోట ఒక కన్నం,
అందులోంచి కిందటి వారం కనబడుతుంది.

బియ్యము ధర ఎక్కెను. ఒక చీటీ.
వరదనీరు గట్టు ఎక్కెను. ఇంకొకటి.
ప్లీడరుగారు వాల్తేరులో రైలుబండి ఎక్కిరి,
మిత్రులు దండలతో సాగనంపిరి.
జమీందారుగారు మాత్రం ఎక్కనే ఎక్కరు.
రెండు రోజులు వెతికాక తెలిసింది,
ఆయన అధిరోహింతురు.
గుర్రమైనా, గద్దె అయినా,
తాటాకు పందిట్లో నాలుగు మెట్ల వేదిక అయినా
సంస్కృతం భుజం మీద చెయ్యి వేస్తే గాని
కాలు పైకి లేవదు.

అదే పేజీ వెనక, జ్వరం కషాయం ప్రకటన కింద
రెండు వరుసలు:
“శనివారమునాడు పొగయోడలో
మున్నూట పన్నెండుగురు కూలీలు
రంగమునకు ఎక్కింపబడిరి.”

ఎక్కింపబడిరి.
రాసుకుని చాలాసేపు కూర్చున్నాను.
మోకాలి దాకా తడిసిన కాళ్లు వాళ్లవే,
పడవలో అలలు దాటి
తాడునిచ్చెన పట్టుకున్న చేతులూ వాళ్లవే.
క్రియ మాత్రం ఇంకెవడిదో.
వాడి పేరు వాక్యంలో లేదు.
మేస్త్రీ అయి ఉంటాడు.
లేకపోతే పై చీటీలో ఎక్కిన బియ్యం ధర.

గురయ్య టీ గ్లాసు కిటికీలో పెట్టాడు.
కట్టలు మోసేది అతనే. చదివి వినిపించాను.
“ఎవుడూ ఎక్కించలేదమ్మా!
మా ముత్తాత పాగా ఇప్పి నడుంకి సుట్టీసి
ఆడే ఎక్కీసినాడు.
మా ముసిల్ది సచ్చేదాకా అదే మాట.
ఎనక్కి సూడకుండా ఎక్కీసినాడని.”

ఎక్కీసినాడు.
ఇన్ని కట్టల్లో ఎక్కడా తగలని రూపం.
మధ్యలో ఆ ‘ఈసి’ ఉంది చూడండి,
అక్కడ ఒక తలుపు మూసుకుంటుంది.
ఈ ఊరు అన్నం తినీసి, బాకీ తీర్చీసి, ఏడిచీసి
దాంతోనే గడియ పెట్టుకుంటుంది.

“పేరుందా అందుల?”
లేదు గురయ్యా, లెక్క ఉంది.
వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు.
“ఐతే మూడొందల పన్నెండుల ఆడొకడు.
పేపరుకెక్కినట్టేనా, కానట్టా?”
నా క్రియే. నా దగ్గరే జవాబు లేదు.

అవతల డాల్ఫిన్ నోస్ మీద దీపం వెలిగింది.
వేరే ఊళ్లలో దీపం కొండెక్కిందంటే ఆరిపోయినట్టు.
ఇక్కడ ఆ మాట వాడేముందు
కిటికీలోంచి ఒకసారి చూసుకోవాలి.

మూడు రూపాయలు రావని తెలిసీ ఒక చీటీ రాశాను.
రూపం: ఎక్కీసినాడు.
ఆధారం: గురయ్య, నోటిమాట, టీ వేళ.

తర్వాత శ్రీకాకుళం ఫోన్ చేశాను.
మేష్టారూ, రంగం ఓడలోంచి ఏం దిగాయి?
కాగితాల చప్పుడు.
“టేకు దిగెను. రంగము బియ్యము దిగెను.
కలెక్టరుగారి అత్తగారు, రెండు కుక్కలతో దిగిరి.”
మనుషులు?
“అంటే, కూలీలా? ఇంకా తగల్లేదమ్మా.
పురుగు తిన్న సంవత్సరాలు కొన్ని మిగిలాయి, చూడాలి.”

గురయ్య కిటికీలు వేసీసినాడు.
చీకట్లో గోడ తడుముకుంటూ మెట్లు దిగాను,
దిగడం నా వాటాలోది కాదని
సగంలో గుర్తొచ్చింది.