తొమ్మిదివందల ఎనభై గ్రాములు

డబ్బా మీద అచ్చేసిన బరువది.
పాతది రెండున్నర కిలోలు, చార్జరు వేరే.
కళ్యాణదుర్గం బస్సులో నిలబడి పోయిన ఆరేండ్లలో
బ్యాగు పట్టీ నా ఎడమ భుజం మీద
ఒక గాడి చేసి పెట్టింది.
జాకెట్లు కుట్టే మాబున్నీ కొలత తీస్తూ
"ఈ పక్క అరంగుళం కిందికుండాది కదక్కా" అంటుంది ఇప్పటికీ.

కొత్తది చేతికొచ్చిన రోజు
ఉందో లేదోనని బస్టాండులో మూడుసార్లు తడిమినా.
నా సద్దిగిన్నె దానికన్నా బరువు.

తేలిక ఊరికే రాదు,
ఏదో ఒకటి తీసేస్తేనే వస్తుంది.
దీంట్లో ఫ్యాను తీసేశారు.
పదకొండు గంటలకే కుందుర్పి ఎండలో
అడుగంతా రొట్టెల పెనం.
ఒడిలో పెట్టుకోవాలంటే కొంగు నాలుగు మడతలు వేయాల.
మీటలా, నా బొటనవేలంత చోటులో
రెండక్షరాలు కాపురం చేస్తాయి.
తిప్పేస్వామి అని కొడితే
వత్తు యాడనో జారిపోయి తిప్పేసామి అని పడుతుంది.
ఊర్లో ఆయన్ని పిలిచేది కూడా అట్లనే,
దిద్దలేదు.
పెన్‌డ్రైవ్‌కు ఒకటే సందు, చార్జింగుకూ అదే.
ఒకరు తింటుంటే ఇంకొకరు పస్తు.

తెర సంగతి చెప్పలేదు కదా.
పట్టికలో తొమ్మిది గడులుంటే ఏడే కనబడతాయి:
పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, విత్తిన తేదీ,
వానలు, పచ్చి బరువు, ఎండు బరువు.
నష్టం ఎనిమిదోది.
వేలితో పక్కకు లాగితేనే వస్తుంది,
లాగితే పేరు మాయం.
ఎవరి నష్టమో, ఎంత నష్టమో
రెండూ ఒక్కసారి చూడటం ఈ మిషన్లో కుదరదు.

మొన్న శుక్రవారం తిప్పేస్వామి చేను.
ఐదు మీటర్లకు ఐదు, నాలుగు మేకులు, నైలాన్ తాడు.
పోయిన వారం పీకిన చెనిక్కాయ ఇప్పటికెండింది.
ఊపితే గలగలమంది, అంటే సగం లొట్ట.
మారెక్క సంచిలో పోసి కొక్కానికి తగిలించింది.
ఏడువందల అరవై.

"నీ తక్కెడ తప్పు చెప్తాండాదమ్మా,
పైనోళ్లు నేర్పించి పంపినట్టుండారు."

వాదించే ఓపిక లేదు.
కాయలు దించి అదే సంచిలో కంప్యూటర్ వేసి తగిలించినా.
అంకెలు కొంచెం ఊగి నిలబడినాయి.
తొమ్మిదివందల ఎనభై.
కొన్నరోజు మురిపెంగా తీసుకున్న డబ్బా ఫోటో
ఫోన్లో తీసి చూపించినా.

ఆయన ఫోటో చూడలేదు.
కొక్కానికి తిరుగుతా ఉన్న సంచినే చూస్తా
"ఇది నా కాయకన్నా బరువా" అన్నాడు.
తక్కెడను మళ్లీ ఏమనలేదు.

మారెక్క దాన్ని బయటికి తీసి
రెండు చేతుల మీద పసిబిడ్డను తూచినట్టు ఆడించి
కొంగుతో దుమ్ము తుడిచింది.
"కాలుతాంది. నీడకు రా తల్లీ."

ట్రాక్టర్ ట్రాలీ నీడలో
ఏడు, ఆరు, సున్నా,
పక్క మీట తగలకుండా ఒక్కొక్కటే నొక్కినా.
పక్కకు లాగినా. పేరు పోయింది.
వెనక్కి లాగినా.
బ్యాటరీ నాలుగు శాతం.

పోయేటప్పుడు మారెక్క
వద్దంటే వినకుండా
రెండు దోసిళ్ల కాయలు నా బ్యాగులో పోసింది.
పాతదానికి కుట్టించిన బ్యాగు, చోటు చానా ఉంది.

కళ్యాణదుర్గం దాకా
గుంత గుంతకూ గలగలమంటూనే ఉన్నాయి.
మిషన్ మాత్రం చప్పుడు చేయలేదు.
ఫ్యాను లేదు కదా.